సైటు బాగుందా అని అడగొద్దు.. కొని చూడమనండి

పండించడం ఒక ఎత్తు, అమ్ముకోవడం మరో ఎత్తు. మెట్ట రైతుకు ఈ మాట కొత్త కాదు. బనగానపల్లె మామిడి కావచ్చు, నంద్యాల వైపు కొర్రలు కావచ్చు, గానుగలో ఆడించిన వేరుశనగ నూనె కావచ్చు.. మండీకి తోలకుండా తినేవాళ్లకే నేరుగా అమ్ముకోవాలని కొందరు రైతులు, సంఘాలు ఇప్పుడు సొంతంగా వెబ్‌సైటు పెట్టుకుంటున్నారు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం మొదలుపెట్టాక ఈ ఆలోచన చిన్న రైతుల దాకా వచ్చింది. పక్కనే చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో 2008లో ఏర్పడిన ధరణి సహకార సంఘం మెట్ట రైతుల చిరుధాన్యాలను, వేరుశనగను శుభ్రం చేసి, సొంత పేరు వేసి అమ్మే దారి పట్టింది. సరుకుతో పాటు సంచి మీద పేరు కూడా మనదైతే బేరం మన చేతిలో ఉంటుందన్నది అందులోని పాఠం.

అయితే చాలాచోట్ల జరిగేది ఇది. టవున్లో కుర్రాడెవరికో డబ్బులిచ్చి సైటు చేయిస్తారు. తోట ఫొటోలు పెడతారు. వాట్సాప్‌లో తెలిసినవాళ్లందరికీ పంపుతారు. ‘‘సూపరుందన్నా’’ అని అందరూ మెచ్చుకుంటారు. ఆర్డర్లు మాత్రం రావు.

ఇలాంటప్పుడు లోపం సరుకులో కాక సైటులోనే ఉండొచ్చు. అది ఎక్కడుందో కనిపెట్టడానికి కంప్యూటరు చదువు అక్కర్లేదు. కొనేవాళ్లను ఎలా అడగాలో, ఎలా గమనించాలో తెలిస్తే చాలు. ఆ పద్ధతేమిటో చూద్దాం.

ముఖం కనబడని బేరం

మన రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. అక్కడ కొనేవాళ్లు ఎదురుగా నిలబడి అడుగుతారు. ‘‘ఏమప్పా, కాయ చిన్నగుండాదే?’’ అంటే మనం ఇంకో కాయ తీసి చూపుతాం. ‘‘పుల్లగుంటాదేమో’’ అంటే కోసి రుచి చూపిస్తాం. అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది. బేరం కుదరకపోయినా ఎందుకు కుదరలేదో మనకు తెలుస్తుంది.

సైటులో అలా కాదు. కొనేవారికి అనుమానం వస్తే మనల్ని అడగరు. పేజీ మూసేసి ఇంకో సైటుకు వెళ్లిపోతారు. వచ్చిందెవరో, ఎందుకు పోయారో మనకు తెలియదు. మన కంటికి సైటు నిండుగానే కనిపిస్తుంటుంది. వేరు కుళ్లిన మొక్క నాలుగు రోజులు పచ్చగా కనిపించినట్టే ఇది కూడా.

మామిడి రైతుకు ఇది మరీ ముఖ్యం. మన బనగానపల్లె కాయ చేతిలో ఉండేది ఏప్రిల్ నుంచి జూన్ దాకానే. సీజను మధ్యలో లోపం బయటపడితే, సరిచేసేలోపు తోట ఖాళీ అవుతుంది. సైటుకు పెట్టిన డబ్బు, అట్టపెట్టెలకిచ్చిన అడ్వాన్సు మీద వడ్డీ పెరుగుతుంది. కాయ మళ్లీ మండీకే, వాళ్లు చెప్పిన ధరకే పోతుంది. కాబట్టి పరీక్ష ఏదైనా కోతకు కనీసం నెల ముందే జరగాలి. కొర్రలు, నూనె లాంటి నిలవ సరుకులైతే కొత్త సరుకు సిద్ధమయ్యే ముందు చేయాలి.

ఐదుగురు చాలు

పొలంబడిలో చేనంతా తిరిగి ప్రతి మొక్కా లెక్కపెట్టం. అక్కడక్కడా కొన్ని మొక్కలు ఎంచుకుని పురుగు ఎంతుందో, మిత్రపురుగు ఎంతుందో చూసి చేను పరిస్థితి అంచనా వేస్తాం. సైటు పరీక్ష కూడా అలాంటిదే.

డెన్మార్క్‌లో పుట్టిన జేకబ్ నీల్సెన్ అనే నిపుణుడు ఈ పని మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఒక మనిషిని కూర్చోబెట్టి సైటు వాడిస్తే లోపాల్లో సగటున 31 శాతం బయటపడతాయని, ఐదుగురితో వాడిస్తే దాదాపు 85 శాతం తేలతాయని 2000లో ఆయన రాశారు. రెండో మనిషి చూపే లోపాల్లో కొన్ని మొదటి మనిషి చూపినవే అయి ఉంటాయి. అందుకే మనుషులు పెరిగేకొద్దీ కొత్తగా తెలిసేది తగ్గిపోతుంది. 15 మందిని ఒకేసారి పిలిచే బదులు ఐదుగురు చొప్పున మూడు దఫాలు చేసి, ప్రతి దఫా తర్వాత సైటును సరిదిద్దుకోవాలని ఆయన సలహా.

అయితే ఆ ఐదుగురు ఎవరన్నదే అసలు సంగతి. ఇలా ఎంచుకోండి.

1. హైదరాబాదులోనో, మరో పట్నంలోనో ఉంటూ ఆన్‌లైనులో సరుకులు తెప్పించుకునే అలవాటున్నవారు ఒకరు.

2. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు లాంటి టవున్లో ఇంటికి కావలసినవి తనే చూసి కొనే ఇల్లాలు ఒకరు.

3. అరవై దాటినవారు ఒకరు. అక్షరాల సైజు సంగతి వీరే తేలుస్తారు.

4. తెలుగు చదవడం రానివారు ఒకరు. బెంగళూరు, చెన్నై మనకు దగ్గర మార్కెట్లే కదా.

5. ఇంతకుముందు మీ దగ్గర కొని, తర్వాత మానేసినవారు ఒకరు. వీరి మాట చేదుగా ఉన్నా మందులా పనిచేస్తుంది.

బామ్మర్దిని, సంఘం డైరెక్టర్లను, సైటు తయారుచేసిన కుర్రాణ్ణి ఈ లెక్కలో వేయకండి. సొంతవాళ్లు మొహమాటానికి బాగుందంటారు. పైగా మీ తోట, మీ ధర, మీ ఫోను నంబరు వాళ్లకు ముందే తెలుసు. సైటులో లేని విషయాన్ని మనసులోంచి పూరించుకుంటారు. ఏమీ తెలియని కొత్తవారికే ఆ లోటు కనబడుతుంది.

అభిప్రాయం అడగొద్దు, పని చెప్పండి

‘‘మా సైటు ఎట్లుంది?’’ అని అడిగితే ‘‘బాగుంది’’ అనే జవాబు వస్తుంది. దానివల్ల మనకు ఒరిగేదేమీ లేదు. ఎద్దును కొనేటప్పుడు ‘‘ఎద్దు మంచిదేనా?’’ అని అడిగి డబ్బులివ్వం. కాడి కట్టి నాలుగు సాళ్లు దున్నిస్తాం. సైటుకూ అదే పద్ధతి. కొనడానికి వచ్చినవారు చేసే పనినే వారికి అప్పగించండి. ఇవి ఉదాహరణలు.

* ‘‘ఐదు కిలోల మామిడి పెట్టె ఒకటి మీ ఇంటికి తెప్పించుకోవాలి. ఖర్చులన్నీ కలిపి ఎంత కట్టాలో, ఎప్పటికి చేరుతుందో చెప్పండి.’’

* ‘‘ఈ పండ్లను ఎలా మాగబెడతారో సైటులో చూసి చెప్పండి.’’

* ‘‘పెట్టెలో నాలుగు కాయలు కుళ్లి వచ్చాయనుకోండి. ఏం చేస్తారో చూపండి.’’

* ‘‘పొట్టు తీసి, వండుకోవడానికి సిద్ధంగా ఉన్న కొర్రలు రెండు కిలోలు ఎంచుకోండి.’’

పని చెప్పేటప్పుడు సైటులో రాసివున్న మాటలు వాడకూడదు. బటను మీద ‘కార్టులో వేయండి’ అని ఉంటే, మీరు కూడా ‘‘కార్టులో వేయండి’’ అనకండి. దారి మీరే చూపించినట్టవుతుంది.

పరీక్ష వారి ఫోనులోనే జరగాలి. మీ ఫోనులో సైటు అప్పటికే చాలాసార్లు తెరిచి ఉంటుంది కాబట్టి తొందరగా వస్తుంది. వీలైతే ఒకరి చేత నీడలో కాకుండా ఆరుబయట, సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నచోట చూపించండి. ఎండలో కనబడని అక్షరాలు అప్పుడు బయటపడతాయి.

నోరు కట్టుకోవాలి

ఇది అన్నిటికన్నా కష్టమైన పని. వారు తడబడుతుంటే మన నాలుక ఊరుకోదు. ‘‘అక్కడ నొక్కక్కా’’ అన్నామా, పరీక్ష చెడినట్టే. రేపు నిజంగా కొనేవాళ్ల పక్కన మీరుండరు కదా! కాబట్టి మొదటే చెప్పండి. ‘‘మిమ్మల్ని పరీక్షించడం లేదమ్మా, సైటును పరీక్షిస్తున్నాం. మనసులో ఏమనిపిస్తే అది పైకి అనండి. తిట్టాలనిపిస్తే తిట్టండి.’’ ఆ తర్వాత మాట్లాడకుండా చూడండి.

ఇద్దరు వెళితే మంచిది. ఒకరు పక్కన కూర్చోవాలి, ఇంకొకరు రాసుకోవాలి. నోటు పుస్తకంలో ఐదు గళ్లు గీయండి. ఎవరు, ఏ పని, ఎక్కడ ఆగారు, ఏమన్నారు, పని పూర్తయిందా లేదా. వారి మాటను ఉన్నదున్నట్టు రాయాలి. ‘సైటు అర్థం కాలేదు’ అని రాస్తే దాన్ని బట్టి ఏమీ సరిచేయలేం. ‘‘ఇది పెట్టె ధరా, కిలో ధరా?’’, ‘‘ఇంగ యాడ నొక్కాలబ్బా?’’ అని రాస్తే ఏం సరిచేయాలో ఆ మాటలోనే ఉంటుంది.

దూరాన ఉన్నవారిని వాట్సాప్ వీడియో కాల్‌లో గమనించవచ్చు. తమ ఫోను స్క్రీను ఎదుటివారికి చూపించే వీలు అందులో 2023 నుంచి ఉంది. అయితే డబ్బు కట్టే పేజీ రాగానే ఆపేయమని ముందే చెప్పాలి. వారి కార్డు నంబరు, పిన్ను మన కంట పడకూడదు.

ఇలాంటి లోపాలు చూడండి

మెట్ట ప్రాంత సరుకులు అమ్మే సైట్లలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

పేరు: మనం ‘కొర్రలు’ అంటాం. కన్నడిగులు ‘నవణె’ అంటారు, తమిళులు ‘తినై’ అంటారు. పట్నంలో చాలామంది ‘ఫాక్స్‌టెయిల్ మిల్లెట్’ అని వెతుకుతారు. ఈ పేర్లన్నీ పేజీలో ఉంటేనే వెతికేవారికి దొరుకుతుంది. అలాగే పొట్టుతో ఉన్న కొర్రలా, పొట్టు తీసిన కొర్ర బియ్యమా అన్నది ఫొటో కిందే రాయాలి.

కొలత: ఐదు కిలోల పెట్టె అంటే పట్నం వారికి అంచనా అందదు. 350 నుంచి 400 గ్రాముల కాయలైతే సుమారు 12 నుంచి 14 కాయలు వస్తాయి. ఆ ముక్క రాయండి. నూనె విషయంలో లీటరుకు, కిలోకు తేడా ఉంది. లీటరు వేరుశనగ నూనె తూగేది సుమారు 910 గ్రాములే. ఏ కొలతో రాయకపోతే ‘‘మోసం చేశారు’’ అనే మాట వస్తుంది.

మొత్తం ఖర్చు: పెట్టె ధర ముందు చూపి, పార్సిలు ఖర్చు చివరి పేజీలో కలిపితే కొనేవారు అక్కడే ఆగిపోతారు. ఏ ఊరికి ఎంతవుతుందో మొదటి పేజీలోనే చెప్పాలి.

మాగబెట్టడం: కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడంపై నిషేధం ఉంది. ఇథిలీన్ వాయువుకు పరిమితులతో అనుమతి ఉంది. మీరు ఏ పద్ధతి వాడతారో, పెట్టె చేరేసరికి కాయ పచ్చిగా ఉంటుందా, దోరగా ఉంటుందా, ఎన్ని రోజులకు తినాలో తేలిక మాటల్లో రాయండి.

ఫొటోలు: సెల్‌ఫోనుతో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. అలాంటివి పది పెడితే పేజీ కదలదు. పేజీ రావడానికి 3 సెకన్లు దాటితే సెల్‌ఫోనులో చూసేవారిలో 53 శాతం వెళ్లిపోతున్నారని 2016లో గూగుల్ ప్రకటించింది. సైటులో పెట్టే ముందు ఫొటో బరువు తగ్గించమని చెప్పండి. ఎక్కడి నుంచో తెచ్చిన ఫొటోలు కాకుండా మీ తోట, మీ కాయ, మీ కాటా ఫొటోలే పెట్టండి.

అక్షరాలు: డీటీపీ సెంటరులో అను ఫాంటులో కొట్టించిన తెలుగును సైటులో అలాగే అతికిస్తే చదవరాని గీతలుగా మారుతుంది. ఫొటోగా పెడితే కనిపిస్తుంది కానీ, వెతికితే దొరకదు. యూనికోడ్ తెలుగులో పెట్టించండి. పసుపు మీద తెల్ల అక్షరాలు వద్దు.

గుర్తింపు: బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాగని ఆ ముద్రను ఎవరికి వారు వేసుకోకూడదు. అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకున్నాకే వాడాలి. నూనె, పిండి, పచ్చడి లాంటి తయారు సరుకులకు ఆహార భద్రతా సంస్థ నమోదు నంబరు చూపాలి. అమ్మేవారి పేరు, చిరునామా, మొత్తం ధర, సరుకు వాపసు షరతులు కొనేవారికి తెలియాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నిబంధనలు చెబుతున్నాయి. ఇవి కనిపిస్తే కొనేవారికి ధైర్యం కూడా వస్తుంది.

అందరి మాటా వినాలి.. అన్నీ చేయకూడదు

తండ్రీ కొడుకులు గాడిదను సంతకు తోలుకెళ్లిన కథ మనకు తెలుసు. దారినపోయే ప్రతివారి మాటా విని చివరికి గాడిదనే పోగొట్టుకున్నారు. ఒకరు ఆకుపచ్చ రంగు వేయమంటారు, ఇంకొకరు పాట పెట్టమంటారు. రాసుకున్నవాటిని మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప: కొనకుండా ఆపేసినవి. ఆర్డరు బటను కనబడకపోవడం, పార్సిలు ఖర్చు తేలకపోవడం, ఫోను నంబరు తప్పుగా ఉండటం లాంటివి. ఒక్కరికి ఎదురైనా వెంటనే సరిచేయాలి.

రెండో కుప్ప: ఇద్దరు ముగ్గురు తడబడి, చివరికి దారి తెలుసుకున్నవి. వీటిని తర్వాతి వారంలో చేయాలి.

మూడో కుప్ప: ఇష్టాయిష్టాలు. రంగు, బొమ్మ, పాట. డబ్బు, తీరిక ఉంటే చూడొచ్చు.

మరో సంగతి గుర్తుంచుకోండి. నోటితో చెప్పినదానికన్నా చేతితో చేసినదానికే విలువ ఎక్కువ. ‘‘చాలా సులువుగా ఉంది’’ అంటూనే ఆర్డరు బటను కోసం ఐదు నిమిషాలు వెతికారంటే, ఆ ఐదు నిమిషాలనే లెక్కలోకి తీసుకోండి.

సైటు చేసే వారితో ఒప్పందం

‘‘సైటు బాగా రాలేదప్పా, మార్చు’’ అంటే వారు కూడా రంగులే మారుస్తారు. నోటు పుస్తకం ముందు పెట్టి, ఐదుగురిలో ఎంతమంది ఎక్కడ ఆగిపోయారో చూపండి. ‘నలుగురు పార్సిలు ఖర్చు కనుక్కోలేకపోయారు. ధర పక్కనే అది ఉండాలి’ అని ఒక్కో మార్పునూ కాగితం మీద రాసివ్వండి. పని ఒప్పుకునేటప్పుడే పరీక్ష తర్వాత రెండుసార్లు మార్పులు చేయాలని మాట్లాడుకోవాలి. సొమ్ములో కొంత భాగం ఆ మార్పులు పూర్తయ్యాకే ఇస్తామని చెప్పండి.

సైటు పేరు మీ పేరు మీదో, సంఘం పేరు మీదో నమోదు కావాలి. పాస్‌వర్డులు మీ దగ్గరుండాలి. పొలం పాసుపుస్తకం వేరొకరి పేరున రాయించుకోం కదా, ఇదీ అంతే. గడువు తీరేలోపు రెన్యువల్ చేయించడం మరవకండి.

అమ్మకం మొదలయ్యాక

పరీక్షతో పని అయిపోదు. పెట్టె చేరిన మర్నాడు కొన్నవారికి ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి: ‘‘కొనేటప్పుడు మీకు ఎక్కడ అనుమానమొచ్చింది?’’ కొన్నవారు కాబట్టి తీరిగ్గానే చెబుతారు. ఫోను చేసి సైటులో ఉన్న విషయాన్నే అడిగేవారి ప్రశ్నలు కూడా తేదీతో రాసిపెట్టుకోండి. ‘‘కాయలు పచ్చివా, పండ్లా?’’ అని వారంలో ముగ్గురు అడిగారంటే, ఆ జవాబు సైటులో లేనట్టో, ఉన్నా కనబడనట్టో లెక్క. ఫిర్యాదు వస్తే వాదన పెట్టుకోకుండా ఫొటో పంపమని అడిగి, ముందు రాసిన షరతు ప్రకారం తీర్చండి. ఆ ఫిర్యాదు కూడా పుస్తకంలోకే ఎక్కాలి.

పనుల క్రమం ఇలా ఉంటే తొక్కిసలాట ఉండదు. కోతకు ఆరు వారాల ముందు మొదటి ఐదుగురితో పరీక్ష. తర్వాత వారం మొదటి కుప్పలోని లోపాలు సరిచేయించడం. నాలుగు వారాల ముందు వేరే ఐదుగురితో రెండో పరీక్ష. రెండు వారాల ముందు మీరే ఒక తెలిసినవారి పేరుతో డబ్బు కట్టి, నిజంగానే ఒక పార్సిలు పంపి చూడటం. అప్పటికి కాయ ఉండదు కాబట్టి పెట్టెలో అరకిలో కొర్రలో, వేరుశనగలో పెట్టి పంపినా చాలు. డబ్బు మీ ఖాతాలో పడిందా, పార్సిలు చెప్పిన రోజుకు చేరిందా, చిరునామా సరిగా వచ్చిందా అన్నవి అప్పుడే తెలుస్తాయి.

ఖర్చంతా కలిపితే ఒక నోటు పుస్తకం, కొన్ని ఫోను కాల్సు, సాయం చేసిన ఐదుగురికీ సీజనులో తలా నాలుగు పండ్లు. పండ్లు మాత్రం మరవకండి. వచ్చే ఏడాది కూడా వాళ్లతో పని పడుతుంది.